ఉల్సాన్ నుంచి బుసాన్‌కు శని, ఆదివారాలు: ఏం చూడాలి, శాకాహారికి ఏం దొరుకుతుంది?

పెన్నాతీరం:
అందరికీ నమస్కారం. మాది హిందూపురం. పెనుకొండ దగ్గరున్న కియా కర్మాగారానికి విడిభాగాలు అందించే ఒక సంస్థలో పనిచేస్తున్నాను. అక్టోబరులో శిక్షణ కోసం కొరియాలోని ఉల్సాన్‌కు పంపుతున్నారు. చివరి వారం మా ఆవిడ కూడా వస్తుంది. శనివారం ఉదయం ఉల్సాన్‌లో గది ఖాళీ చేస్తాం. సోమవారం ఉదయం గిమ్హే విమానాశ్రయం నుంచి తిరుగు ప్రయాణం. మధ్యలో దొరికే ఆ రెండు రోజులు బుసాన్‌లో గడపాలని అనుకున్నాం.

ఇప్పటికి నేను రాసుకున్నవి ఇవి: హేఉండే సముద్రతీరం, గ్వాంగల్లి వంతెన, జగాల్చి చేపల మార్కెట్, గమ్‌చన్ రంగుల ఊరు, సముద్రం ఒడ్డున ఉన్న యోంగ్‌గుంగ్సా ఆలయం, తేజోంగ్‌దే కొండ, సోంగ్దో కేబుల్ కారు, బమోసా ఆలయం, ఇంకా కుదిరితే గ్యోంగ్జు. నేను చేపలు, కోడి, పంది తింటాను, గొడ్డు మాంసం ముట్టను. మా ఆవిడ పూర్తి శాకాహారి, గుడ్డు కూడా తినదు. అక్కడ ఉన్నవాళ్లు, వెళ్లివచ్చినవాళ్లు దయచేసి దారి చెప్పండి.

నడకదారి:
పెన్నాతీరం గారూ, ముందు ఆ జాబితాలో సగం కొట్టేయండి. బుసాన్ కొండలకూ సముద్రానికీ మధ్య సన్నగా, పొడవుగా సాగిన ఊరు. పశ్చిమాన గమ్‌చన్ నుంచి తూర్పున యోంగ్‌గుంగ్సా వరకు మెట్రో, బస్సు మారుతూ వెళ్లడానికే గంటన్నర పడుతుంది. ఒకే రోజు అటూ ఇటూ తిరిగితే మీకు గుర్తుండేది మెట్రో మెట్లు మాత్రమే. ఒక రోజు పాత ఊరికి, ఒక రోజు తూర్పు తీరానికి ఇవ్వండి. తేజోంగ్‌దే, సోంగ్దో, బమోసా ఈసారికి వదిలేయండి.

పాత ఊరిని మొదటి రోజే చూడండి. అందరూ హేఉండేలో అద్దాల మేడల దగ్గర మొదలుపెట్టి, పాత ఊరికి మిగిలిన గంట విదిలిస్తారు. కానీ బుసాన్‌ను బుసాన్‌గా చేసింది ఆ పాత రేవే. 1950లో కొరియా యుద్ధం మొదలయ్యాక ఉత్తరం నుంచి లక్షల మంది ప్రాణాలు అరచేత పట్టుకుని ఇక్కడికే వచ్చారు. యుద్ధకాలంలో ఎక్కువ భాగం దేశానికి తాత్కాలిక రాజధాని ఇదే. మీరు తినబోయే వంటల్లో చాలావాటికి ఆ కాలంతో సంబంధం ఉంది.

ఉల్సాన్ తెలుగమ్మాయి:
పెన్నాతీరం గారూ, నేను పెళ్లయిన దగ్గర నుంచి ఉల్సాన్‌లోనే ఉంటున్నాను. మీరు కేటీఎక్స్ అనే వేగపు రైలు గురించి ఆలోచించకండి. ఆ రైలు ఆగే ఉల్సాన్ స్టేషను ఊరికి చాలా దూరం. ఊళ్లోనే తెహ్వాగాంగ్ స్టేషను ఉంది. అక్కడి నుంచి దోంగ్‌హే మార్గంలో మెట్రోలాంటి రైలు బుసాన్‌లోని బుజన్ వరకు వెళుతుంది. 2021 డిసెంబరు నుంచి నడుస్తోంది. గంటా పదిహేను నిమిషాల ప్రయాణం, సీటు ముందుగా బుక్ చేసుకోనక్కర్లేదు, టీ-మనీ కార్డు (బస్సు, మెట్రో ఛార్జీలకు ముందే డబ్బు నింపుకునే కార్డు) తాకిస్తే చాలు. బుజన్ నుంచి సొమ్యన్ మెట్రోలో ఒక్క స్టేషనే. బసకు సొమ్యన్ చూసుకోండి.

శిలాశాసనం:
నా మాట వేరు. ఉల్సాన్ దాకా వచ్చి గ్యోంగ్జు చూడకుండా వెళ్లడం అన్యాయం. పూర్వపు కొరియా రాజ్యమైన సిల్లాకు దాదాపు వెయ్యేళ్లు రాజధానిగా ఉన్న ఊరది. ఊరి నడిబొడ్డున పచ్చగడ్డి కప్పుకున్న రాజుల సమాధులు కొండల్లా నిలబడి ఉంటాయి. బుల్గుక్సా ఆలయం, సొక్కురాం గుహలోని గ్రానైట్ బుద్ధుడు 1995లోనే యునెస్కో జాబితాలోకి చేరాయి. మ్యూజియం ముంగిట 771లో పోతపోసిన కంచు గంట ఉంది, బరువు దాదాపు 19 టన్నులు. అమరావతి, నాగార్జునకొండ చూసిన మనవాళ్లు ఆ బుద్ధుడి ముందు నిలబడితే కలిగే అనుభూతిని ఏ వంతెనా ఏ కేబుల్ కారూ ఇవ్వలేవు. ఒక రోజు బుసాన్, ఒక రోజు గ్యోంగ్జు పెట్టుకోండి.

నడకదారి:
శిలాశాసనం గారూ, గ్యోంగ్జు గొప్పతనంలో నాకు సందేహం లేదు. అందుకే దాన్ని సామాన్లు మోస్తూ, విమానం గురించి ఆలోచిస్తూ చూడకూడదని అంటున్నాను. గ్యోంగ్జు ఉల్సాన్‌కు ఉత్తరాన, బుసాన్ దక్షిణాన. శనివారం అటు వెళ్లి ఆదివారం ఇటు వస్తే రెండూ సగంసగమే అవుతాయి.

ఉల్సాన్ తెలుగమ్మాయి:
దీనికి తేలికైన దారి ఉంది. శిక్షణ రోజుల్లో పెన్నాతీరం గారికి ఆదివారాలు సెలవే కదా. ఉల్సాన్ నుంచి గ్యోంగ్జు గంట లోపే. ఆవిడ రాకముందు ఒక ఆదివారం ఒక్కరే వెళ్లి రావచ్చు. లేదా ఆవిడ వచ్చాక ఏదో ఒక సాయంత్రం ఇద్దరూ వొల్జి కోనేరు దగ్గరికి వెళ్లండి. రాత్రి దీపాలు వెలిగాక మండపాల నీడ నీళ్లలో పడుతుంది, అప్పుడే బాగుంటుంది.

శిలాశాసనం:
సరే, ఆదివారం అంటే ఒప్పుకుంటాను. కానీ సొక్కురాంకు ఉదయాన్నే వెళ్లండి. బుద్ధుడిని అద్దం ఇవతల నుంచే చూడనిస్తారు. జనం పెరిగితే నిలబడనివ్వరు.

పెన్నాతీరం:
గ్యోంగ్జు విడిగా, ఆదివారం. బుసాన్‌కు రెండు రోజులు. ఇది స్పష్టమైంది, ధన్యవాదాలు. ఒక అనుమానం. యోంగ్‌గుంగ్సా ఆలయం ఈ దోంగ్‌హే రైలు దారిలోనే ఉన్నట్టు పటంలో కనిపిస్తోంది. శనివారం వచ్చేటప్పుడే దిగి చూసేస్తే ఆదివారం తేలికవుతుందా?

ఉల్సాన్ తెలుగమ్మాయి:
దారిలోనే ఉంది, ఒసిరియా స్టేషనులో దిగాలి. కానీ గది ఖాళీ చేసి వస్తున్నారు, చేతిలో పెద్ద పెట్టెలు ఉంటాయి. స్టేషను నుంచి ఆలయం అరగంట నడక, లేదా టాక్సీ. చివర నూట ఎనిమిది మెట్లు దిగి మళ్లీ ఎక్కాలి. పెట్టెలతో వద్దు. నేరుగా సొమ్యన్ వెళ్లండి, గది ఇవ్వడానికి సమయం కాకపోయినా హోటల్ వాళ్లు సామాను ఉంచుకుంటారు.

బుసాన్ పరిశోధక విద్యార్థి:
అందరికీ నమస్కారం, నేను ఇక్కడి విశ్వవిద్యాలయంలో చదువుతున్నాను. శనివారం ఇలా పెట్టుకుంటే బాగుంటుంది. సొమ్యన్ నుంచి ఒకటో మార్గం మెట్రోలో తోసంగ్ స్టేషనుకు వెళ్లండి. స్టేషను బయట ఆగే చిన్న బస్సు గమ్‌చన్ కొండ ఎక్కుతుంది. వంపుల్లో గట్టిగా పట్టుకోండి, డ్రైవర్లు వేగంగా తిప్పుతారు.

గమ్‌చన్‌ను యుద్ధం తర్వాత శరణార్థులు కొండవాలు మీద కట్టుకున్నారు. ముందు ఇల్లు వెనక ఇంటి వెలుతురుకు అడ్డం రాకుండా మెట్లుమెట్లుగా కట్టుకుంటూ వెళ్లారు. 2009లో కళాకారులు వచ్చి రంగులు, బొమ్మలు చేర్చాక పర్యాటకుల తాకిడి మొదలైంది. అక్కడ ఇప్పటికీ కాపురాలున్నాయి. సందుల్లో గొంతు తగ్గించి మాట్లాడండి, కిటికీల్లోకి కెమెరా పెట్టకండి. బొమ్మ పక్కన ఫొటో కోసం గంట వరుసలో నిలబడేకంటే కిందికి దిగే మెట్ల సందులో నడవడమే మేలు. ఆరేసిన బట్టలు, నీళ్ల తొట్లు, మెట్ల మీద కుండీల్లో మిరప మొక్కలు కనిపిస్తాయి.

అదే తోసంగ్ స్టేషను దగ్గర తాత్కాలిక రాజధాని స్మారక భవనం కూడా ఉంది. యుద్ధకాలంలో అధ్యక్షుడు ఉన్న ఇల్లు. చిన్నదే, అరగంట చాలు.

నడకదారి:
ఆ భవనం తప్పకుండా చూడండి. అది చూశాక గమ్‌చన్ ఇళ్లకు అర్థం మారుతుంది.

బుసాన్ పరిశోధక విద్యార్థి:
కొండ దిగాక మధ్యాహ్న భోజనం జగాల్చిలో. కింది అంతస్తులో తొట్లలో బతికున్న చేపలు, పీతలు, ఆక్టోపస్‌లు ఉంటాయి. రబ్బరు బూట్లు, పొడవాటి ఏప్రాన్ వేసుకున్న ఆడవాళ్లే ఎక్కువగా దుకాణాలు నడుపుతారు. చేపను చూపించండి, తూకం వేయించండి, ధర ఖాయం చేసుకున్నాకే సరేననండి. ఆ చేపను పై అంతస్తుకు పంపుతారు. అక్కడ కూర్చున్నందుకు తలకు ఇంత అని వేరే రుసుం ఉంటుంది, అది కూడా ముందే అడగండి. పచ్చి చేప ముక్కలు తిన్నాక మిగిలిన తల, ముళ్లతో కారంగా మేఉన్‌తాంగ్ అనే పులుసు కాచి ఇస్తారు. పచ్చిది వద్దనుకుంటే బయటి వీధిలో కాల్చిన చేపల భోజనం పెట్టే చిన్న హోటళ్లున్నాయి. ఉప్పు పట్టించి కాల్చిన కానాగంత, అన్నం, నాలుగైదు పక్క వంటలు. తెలుగు నాలుకకు అది వెంటనే నచ్చుతుంది.

పెన్నాతీరం:
చదువుతుంటేనే నోరూరుతోంది. కానీ ఆ వీధిలో మా ఆవిడ ఏం తింటుంది? అదే నా దిగులు.

వంటింటి కిటికీ:
ఆ దిగులు నాకు బాగా తెలుసండి, నేనూ శాకాహారినే. బుసాన్‌లో శాకాహారి ఆకలితో ఉండనక్కర్లేదు, కానీ తయారై వెళ్లాలి. ముందు ప్రమాదాలు చెబుతాను. కిమ్చీలో, అంటే కారం పట్టించి పులియబెట్టిన క్యాబేజీలో, చేపల ఊట, ఉప్పు రొయ్యలు కలుస్తాయి. ఈ ప్రాంతం కిమ్చీలో ఇవి మరీ ఎక్కువ, ఎందుకంటే పక్కనే గీజాంగ్ తీరంలో నెత్తళ్లు పుష్కలం. కూరగాయల సూప్ అన్నా నీళ్లు చాలాసార్లు నెత్తళ్లతో కాచినవే. వీధుల్లో ఎర్రగా ఉడుకుతుండే బియ్యపు ముద్దల తొక్‌బొక్కీ చూడటానికి శాకాహారంలా ఉంటుంది, అందులో చేపపిండి ముక్కలు ఉంటాయి. "మాంసం వద్దు" అంటే సరిపోదు, అక్కడ చాలామంది లెక్కలో చేప మాంసం కాదు. "మాంసం, చేప, రొయ్య, చేపల ఊట, గుడ్డు ఏవీ తినను" అని పాపాగో యాప్‌లో కొరియన్‌లోకి మార్చి, ఫోనులో భద్రపరిచి, ప్రతిచోటా చూపించండి.

ఇక తినగలిగినవి. బిబింబాప్, అంటే కూరగాయలు పేర్చిన అన్నం, అడిగి మాంసం, గుడ్డు తీసేయమనండి. పైన వేసే మిరప ముద్దలో కొన్నిచోట్ల వేయించిన మాంసం కలుపుతారు, అదీ అడగండి. గుమ్మడికాయ జావ, ఎర్ర చిక్కుళ్ల జావ దొరుకుతాయి. అక్టోబరులో వీధుల్లో కాల్చిన చిలగడదుంపలు, వేడి చెస్ట్‌నట్లు అమ్ముతారు.

జగాల్చి దగ్గరే ఉన్న నాంపో వీధిలో గింజల హొత్తొక్ మాత్రం మీరిద్దరూ కలిసి తినండి. బండి ముందు నిలబడి చూడాలి. మెత్తటి పిండి ముద్దను కాగే వనస్పతిలోకి జారవిడుస్తారు, గుండ్రటి ఇనుప అచ్చుతో అదుముతారు. రెండు వైపులా ఎర్రబడ్డాక తీసి, కత్తెరతో అంచు చీల్చి, ఆ సంచిలో పొద్దుతిరుగుడు, గుమ్మడి గింజలు, వేరుశనగలు చెంచాతో కూరుతారు. లోపల గోధుమరంగు చక్కెర అప్పటికే పాకమై ఉంటుంది. కాగితపు కప్పులో పెట్టి ఇస్తారు. మన బొబ్బట్టు ఇష్టమున్నవాళ్లకు ఇది వద్దనిపించదు. మొదటి కాటుకు ముందు కాస్త చల్లారనివ్వండి, లోపలి పాకం నాలుక కాలుస్తుంది.

ఉల్సాన్ తెలుగమ్మాయి:
వంటింటి కిటికీ గారు చెప్పినదానికి ఒకటి కలుపుతాను. ప్రతి సూపర్‌మార్కెట్లో, వీధి చివరి కన్వీనియన్స్ స్టోరులో డబ్బా అన్నం దొరుకుతుంది. మైక్రోవేవ్‌లో రెండు నిమిషాలు పెడితే వేడి అన్నం సిద్ధం, స్టోరులోనే వేడి చేసుకోవచ్చు. ఆవిడ రెండు మూడు పొడులు, చిన్న నెయ్యి సీసాకు బదులు నువ్వుల నూనె తెచ్చుకుంటే రాత్రి భోజనం గదిలోనే అయిపోతుంది. మాంసంతో చేసినవి, తాజా పండ్లు, పచ్చి మామిడికాయలు పెట్టెలో పెట్టకండి, విమానాశ్రయంలో తీసేసుకుంటారు.

పెన్నాతీరం:
కందిపొడి, కరివేపాకు పొడి ఖాయం. మరి నా వంతు? బుసాన్ అంటే పంది మాంసం సూప్ అన్నం అని శిక్షణకు వెళ్లొచ్చిన మిత్రులు చెప్పారు.

నడకదారి:
దాని పేరు త్వేజీ గుక్‌బాప్. ఆదివారం ఉదయం సొమ్యన్ మార్కెట్ వీధిలో తినండి. ఆ వీధిలో వరుసగా ఇవే హోటళ్లు. పంది ఎముకలు గంటల తరబడి కాచి, పాలలా తెల్లబడ్డ రసంలో అన్నం, పల్చటి మాంసం ముక్కలు వేసి ఇస్తారు. అలాగే తాగితే చప్పగా ఉంటుంది. పక్కన ఇచ్చిన ఉప్పు రొయ్యలు కొద్దిగా వేయాలి, కారం కలిపిన బుచు (వెల్లుల్లి వాసన వచ్చే సన్నటి ఆకుకూర) గుప్పెడు వేయాలి, అప్పుడు దాని రుచి తెలుస్తుంది. ఒంటరిగా వెళ్లినా మొహమాటపడకుండా తినగలిగే భోజనం ఇది. కొరియాలో చాలా వంటలు ఇద్దరికి తక్కువైతే వడ్డించరు.

మిల్‌మ్యన్ అనే చల్లటి గోధుమ నూడుల్స్ కూడా చెబుతారు. ఉత్తరాది శరణార్థులకు తమ ఊరి చల్లటి నూడుల్స్ మీద మనసు. చేసుకోవడానికి కావలసిన పిండి దొరక్క, సాయంగా వచ్చిన గోధుమపిండితో చేసుకున్నారు. మంచు ముక్కలు తేలే రసంతో ఇస్తారు. కానీ ఆ రసం చాలాచోట్ల పశువుల ఎముకలతో కాచింది. మీరు గొడ్డు మాంసం తినరు కాబట్టి అడగకుండా తినకండి.

పెన్నాతీరం:
ఇది ముందే చెప్పడం ఎంతో మేలు చేసింది, నడకదారి గారూ. ఎవరూ ఇప్పటిదాకా చెప్పలేదు.

బుసాన్ పరిశోధక విద్యార్థి:
శనివారం సాయంత్రానికి గ్వాంగల్లి పెట్టుకోండి, రెండో మార్గం మెట్రోలో. 7 కిలోమీటర్లకు పైగా ఉన్న గ్వాంగన్ వంతెన దీపాలతో వెలుగుతుంది. ప్రత్యేకించి శనివారం ఎందుకంటే ఆ రాత్రి తీరం మీద డ్రోన్ల ప్రదర్శన ఉంటుంది. వందల డ్రోన్లు ఆకాశంలో బొమ్మలు గీస్తాయి. సమయం ఋతువును బట్టి మారుతుంది, గాలి ఎక్కువైతే రద్దు చేస్తారు. ఆ రోజు ఉదయం ఒకసారి చూసుకోండి.

శిలాశాసనం:
ఆదివారం యోంగ్‌గుంగ్సా గురించి నేను చెబుతాను. కొరియాలో ఆలయాలు సాధారణంగా కొండల్లో ఉంటాయి. ఇది అలలు తాకే బండల మీద ఉంది. 1376లో నాఓంగ్ అనే భిక్షువు స్థాపించాడని చెబుతారు. ఆయన గురువుల్లో ఒకరు జీగోంగ్, అంటే భారతదేశం నుంచి వెళ్లిన ధ్యానభద్రుడు. నలందలో చదివి, 1326లో కొరియా చేరాడు. ఆ ఆలయం మెట్లు దిగుతున్నప్పుడు ఈ సంగతి మనసులో ఉంటే, పరాయి చోటుకు వచ్చామని అనిపించదు. పాత కట్టడాలు జపాన్ దండయాత్రలో కాలిపోయాయి, ఇప్పుడున్నది గత శతాబ్దంలో కట్టింది. పాతది చూడాలంటే గ్యోంగ్జు, సముద్రం చూడాలంటే ఇది.

వంటింటి కిటికీ:
శిలాశాసనం గారూ, గిమ్హేలో మన దేశపు రాకుమారి సమాధి ఉందంటారు కదా? వాళ్ల విమానం అక్కడి నుంచే. చూడవచ్చా?

శిలాశాసనం:
ఉందండి. సురో రాజును పెళ్లాడటానికి అయుత దేశం నుంచి క్రీ.శ. 48లో సముద్రం మీద వచ్చిందని సంగుక్ యూసా గ్రంథం చెప్పే రాణి హో హ్వాంగ్ ఓక్. అయుత అంటే అయోధ్యేనని కొందరు, కాదని కొందరు. చరిత్రకారుల్లో ఏకాభిప్రాయం లేదు, ఆ గ్రంథం రాసింది 13వ శతాబ్దంలో. సమాధి మాత్రం విమానాశ్రయం వైపు వెళ్లే తేలికపాటి రైలు మార్గంలోనే ఉంది. కానీ వాళ్లది సోమవారం ఉదయం విమానం. నేనే వద్దంటున్నాను.

నడకదారి:
ఆదివారం క్రమం ఇలా ఉంటే బాగుంటుంది. గుక్‌బాప్ తిన్నాక బుజన్ నుంచి దోంగ్‌హే రైల్లో ఒసిరియా, అక్కడి నుంచి టాక్సీలో యోంగ్‌గుంగ్సా. తర్వాత సోంగ్జంగ్ తీరం. అక్కడి నుంచి హేఉండే మీపో వరకు పాత రైలు పట్టాల మీద సముద్రం పక్కనే నడిచే బీచ్ రైలు ఉంది, సీట్లన్నీ నీళ్ల వైపు తిరిగి ఉంటాయి. 4.8 కిలోమీటర్లు. మధ్యలో చంగ్సాపోలో దిగి, ఎరుపు, తెలుపు దీపస్తంభాల దగ్గర కాసేపు కూర్చోండి. అక్కడి నుంచి మీపోకు పైన వేరే పట్టాల మీద చిన్న రంగుల స్కై క్యాప్సూల్స్ వెళతాయి. ఒక్కోదానిలో నలుగురు పడతారు, ధర క్యాప్సూల్‌కు కడతారు. ఆదివారం టికెట్లు ముందే అయిపోతాయి, వారం ముందు ఆన్‌లైన్‌లో తీసుకోండి.

పెన్నాతీరం:
రాసుకున్నాను. ఇంకా రెండు ప్రశ్నలు. ఫోనులో ఏ పటం వాడాలి? నగదు ఎంత ఉంచుకోవాలి?

ఉల్సాన్ తెలుగమ్మాయి:
నేవర్ మ్యాప్ దించుకోండి, ఇంగ్లీషులో ఉంటుంది, బస్సు ఎన్ని నిమిషాల్లో వస్తుందో కూడా చెబుతుంది. గూగుల్ పటం మీద ఆధారపడకండి. హోటళ్లలో కార్డు నడుస్తుంది. టీ-మనీ కార్డులో డబ్బు నింపడానికి, మార్కెట్ బండ్ల దగ్గర నగదు కావాలి. బస్సు దిగేటప్పుడు కూడా కార్డు తాకించడం మరవకండి, అప్పుడే అరగంటలోపు మెట్రోకు మారితే మళ్లీ పూర్తి ఛార్జీ పడదు. హోటల్లో టిప్పు ఇవ్వకండి, ఇస్తే ఇబ్బంది పడతారు. పక్క వంటలు అయిపోతే మళ్లీ అడగండి, డబ్బు తీసుకోరు.

అన్నట్టు, మీకు సంస్థ వీసా చూస్తుంది. ఆవిడకు విడిగా దరఖాస్తు చేయాలి. కే-ఈటీఏ ఆన్‌లైన్ అనుమతి భారత పాస్‌పోర్టుకు వర్తించదు. ఇప్పుడే మొదలుపెట్టండి. చూసోక్ అనే కొరియా పంటల పండుగ ఒక్కో ఏడు సెప్టెంబరులో, ఒక్కో ఏడు అక్టోబరులో వస్తుంది. ఆ రోజుల్లో రైళ్లు నిండిపోతాయి, చిన్న హోటళ్లు మూసేస్తారు. మీ వారం దానికి తగలకుండా చూసుకోండి.

పెన్నాతీరం:
క్యాలెండర్ చూశాను, మా వారం పండుగ తర్వాతే పడింది. ఆవిడ వీసా కాగితాలు రేపే మొదలుపెడతాం. శనివారం తోసంగ్, గమ్‌చన్, జగాల్చి, హొత్తొక్, గ్వాంగల్లి. ఆదివారం గుక్‌బాప్, యోంగ్‌గుంగ్సా, బీచ్ రైలు, హేఉండే. ఈ క్రమం చదివి వినిపిస్తే మా ఆవిడ ఒక్కటే అడిగింది. ఆదివారం మధ్యాహ్నం సోంగ్జంగ్ దగ్గర తనకు భోజనం ఎక్కడ అని.

వంటింటి కిటికీ:
మంచి ప్రశ్న అడిగారు, ఆ తీరంలో చేపల హోటళ్లే ఎక్కువ. ఉదయం సొమ్యన్‌లోనే కింబాప్ (సముద్రపు నాచు రేకులో చుట్టిన అన్నం) దుకాణంలో హామ్, గుడ్డు, చేపపిండి ముక్క లేకుండా రెండు చుట్టలు కట్టించుకోమనండి. ముల్లంగి ఊరగాయ, క్యారెట్, పాలకూర, దోసకాయతో చేస్తారు.  మార్కెట్లో తియ్యటి పెర్సిమన్ పండ్లు కూడా ఒక సంచి తీసుకోండి. గిమ్హేలోని జిన్‌యంగ్ తోటల పండ్లకు మంచి పేరు, మీరు వెళ్లేది సరిగ్గా వాటి కాలంలోనే. గట్టిగా ఉండగానే కోసుకు తినవచ్చు. తొక్క తీయడానికి చిన్న కత్తి మాత్రం చెక్-ఇన్ పెట్టెలో ఉండాలి, చేతిసంచిలో కాదు.